చేతిలో పుస్తకం లేని పూట

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

చదివే అలవాటున్నవారు చదవడానికేమీ దొరకని పూట ఎలా గడుపుతారో రాయమని గత సంచికలో పాఠకులను కోరాం. వచ్చిన ఉత్తరాల్లో తమాషా జవాబులతో పాటు, మమ్మల్ని తిరిగి అడిగిన ప్రశ్నలు కూడా చాలానే ఉన్నాయి. వాటిలో కొన్నిటిని ఎంచుకుని, పేర్లు తీసివేసి, ఊళ్లు మాత్రం ఉంచి ఇక్కడ ప్రచురిస్తున్నాం.

ప్రశ్న: సికింద్రాబాద్ నుంచి రైల్లో వస్తూ పుస్తకాన్ని పెద్ద పెట్టెలో పెట్టేశాను. ఆ పెట్టె ఎవరి సామాను అడుగుననో ఇరుక్కుపోయింది. ఇక చేసేది లేక దారి పొడవునా బిస్కెట్ పొట్లం మీద అచ్చయినదంతా చదువుతూ కూర్చున్నాను. “ఎన్నిసార్లు చదువుతారండీ, రేపేమైనా పరీక్ష ఉందా?” అని మా ఆవిడ నవ్వింది. ఇంట్లో కూడా సబ్బు డబ్బా, అగరొత్తుల అట్ట, కరెంటు బిల్లు వెనకవైపు, దేన్నీ వదలను. ఇదేమైనా జబ్బంటారా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: జబ్బేమీ కాదు మాస్టారూ. ఆ పొట్లం మీది అక్షరాలను కొనుగోలుదారు చదవాలనే చట్టం పట్టుబట్టి అచ్చు వేయిస్తోంది. చాలామంది ధర, తేదీ చూసి ఊరుకుంటారు కనుక, ఆ రాతకు మీరే అసలైన పాఠకులు. అయితే ఒకే పొట్లాన్ని పదేపదే చదివినా విసుగు పుట్టకుండా ఉండాలంటే ఆ రాతలోని కట్టుబాట్లు కొన్ని తెలిసి ఉండాలి. పదార్థాల పేర్లను బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా వేయాలన్నది నియమం. అందువల్ల ముందువైపు బొమ్మలో పొంగిపొర్లే పాలు, రాశిపోసిన జీడిపప్పు వెనకవైపు జాబితాలో పంచదారకు, పామాయిలుకు ఎంత దిగువన ఉన్నాయో వెతికి చూస్తే, అపరాధ పరిశోధన నవలలో దొంగను పట్టుకున్నంత సంతోషం కలుగుతుంది. పేర్ల పక్కన కనిపించే అంకెలు కూడా అర్థం లేనివి కావు: 500 సంఖ్య సోడా జాతి లవణాలది, 503 అమ్మోనియం లవణాలది, 322 లెసిథిన్‌ది, 330 అంటే మనం నిమ్మ ఉప్పు అని పిలిచేదే. తయారీదారుకు ఆహార భద్రతా సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఎఐ) ఇచ్చే సంఖ్యలో 14 అంకెలుంటాయి. మొదటి అంకె 1 అయితే లైసెన్సు అనీ, 2 అయితే చిన్న వ్యాపారులకిచ్చే రిజిస్ట్రేషన్ అనీ అర్థం. ఆ తర్వాతి రెండు అంకెలు రాష్ట్రాన్ని, వాటి వెనకాల రెండూ సంవత్సరాన్ని తెలుపుతాయి. మాంసాహారానికి ఒకప్పుడు గోధుమ రంగు చుక్క ఉండేది. రంగుల తేడా కనిపెట్టలేనివారు ఆకుపచ్చ చుక్కతో పొరబడకూడదని దానిని త్రికోణంగా మార్చారు.

ఇక రైలు విషయానికి వస్తే, మీరు పొట్లం మీదే చూపు నిలిపి కిటికీ అవతల ఉన్న పెద్ద గ్రంథాన్ని వదిలేశారని మా అభియోగం. రైలు పెట్టె మీద వేసే అంకెల్లో మొదటి రెండూ అది తయారైన సంవత్సరాన్ని చెబుతాయి. స్టేషను పేరుండే పసుపుపచ్చ బోర్డు మీద, పేరు కింద, సముద్ర మట్టానికి ఆ చోటు ఎంత ఎత్తున ఉందో రాసి ఉంటుంది. సికింద్రాబాద్‌లో ఐదు వందల మీటర్లకు పైనున్న ఆ సంఖ్య, బోర్డు తర్వాత బోర్డు చదువుకుంటూ వస్తే, విజయవాడ చేరేసరికి రెండంకెలకు దిగిపోతుంది. దక్కను పీఠభూమి మీది నుంచి కృష్ణా డెల్టాలోకి మనం జారిపోతున్న సంగతిని భూగోళ పాఠం కన్నా ఆ బోర్డులే బాగా చెబుతాయి. జీవితమంతా పాఠాలు చెప్పిన మీకు అది నచ్చకపోదు. బస్సులో అయితే కిలోమీటరు రాళ్లున్నాయి. తల పసుపుగా ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చగా ఉంటే రాష్ట్ర రహదారి, నారింజ రంగులో ఉంటే పల్లె రోడ్డు.

ఇంతా చెప్పి, పుస్తకాన్ని పెద్ద పెట్టెలో పెట్టడం మాత్రం మేము సమర్థించలేం. మందుల సంచీ, మంచినీళ్ల సీసా ఎక్కడుంటాయో పుస్తకమూ అక్కడే ఉండాలి. ఒకటి కాదు, రెండుండాలి. ఒకటి నచ్చకపోతే గతేమిటి?

ప్రశ్న: సిటీ బస్సులో పక్కవారు దినపత్రిక చదువుతుంటే నేను కూడా తొంగి చదువుతాను. ఇది మర్యాదేనా?
– హైదరాబాద్

జవాబు: పత్రికకు అమర్యాద కాదు, పక్కవారికి కొంచెం ఇబ్బంది. శీర్షికల వరకు ఎవరూ తప్పు పట్టరు. “ఆ లోపలి పేజీ ఒక్కసారి ఇస్తారా?” అని అడిగితే ఇవ్వనివారు మన ఊళ్లలో అరుదు. ఆయన పేజీ తిప్పబోతుంటే “ఒక్క క్షణం ఉండండి” అనడం మాత్రం బాగుండదు. ఈ మధ్య చాలామంది ఫోనులోనే చదువుకుంటున్నారు. అందులోకి తొంగిచూడటం ఎదుటివారి ఉత్తరాన్ని విప్పి చూడటమే అవుతుంది కనుక, ఫోను విషయంలో మీరు వెంటనే కిటికీ వైపు తిరగండి. దుకాణాల బోర్డులు చదువుకుంటూ పోతే మీరు దిగే చోటు వచ్చేస్తుంది.

ప్రశ్న: మాది కరీంనగర్ వైపు. మా నాన్న కాలంలో భివండి వచ్చి పవర్‌లూమ్ పనిలో స్థిరపడ్డాం. ఇక్కడ చుట్టూ తెలుగు మాట వినిపిస్తుంది గానీ తెలుగు పుస్తకం దొరకదు. ఊరి నుంచి తెచ్చుకున్న నాలుగు పుస్తకాలు అట్టలు ఊడేదాకా చదివాను. ఫోను తీస్తే వీడియోల్లో గంట పోతుంది. రాత్రి పాళీ ముగిశాక నిద్ర పట్టేదాకా చదువుకోవడానికి ఏదైనా దారి చెప్పండి.
– భివండి, మహారాష్ట్ర

జవాబు: ముందుగా ఒక పాత సంగతి. మీకు దగ్గరలోనే ఉన్న బొంబాయిలో 1908లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించారు. అమృతాంజనం అమ్మి సంపాదించిన సొమ్మును ఆ పత్రికకు పెట్టుబడిగా పెట్టారు. అది 1914లో మద్రాసుకు తరలి దినపత్రిక అయ్యేవరకు, సొంత గడ్డకు దూరంగా బతుకుతున్న తెలుగువాళ్ల నడుమనే అచ్చయింది. కాబట్టి మీకున్న ఇబ్బంది ఆ ప్రాంతంలో మీ ఒక్కరికే కొత్తగా వచ్చింది కాదు.

ఇప్పుడు మీ చేతిలోని ఫోనునే పుస్తకాల పెట్టెగా మార్చుకోవచ్చు. దానికి కొంత ఓపిక కావాలి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకం కింద స్కాన్ చేసిన వేలాది తెలుగు పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సైటులో ఉచితంగా దొరుకుతాయి. చిక్కేమిటంటే, వాటి పేర్లను ఇంగ్లీషు లిపిలో, ఒక్కొక్కరు ఒక్కొక్క తీరుగా, చాలాచోట్ల తప్పులతో నమోదు చేశారు. తెలుగులో వెతికితే దొరకని పుస్తకం, లిపి మార్చి ఇంగ్లీషు అక్షరాల్లో రెండు మూడు విధాలుగా రాసి వెతికితే దొరకవచ్చు. రచయిత పేరుతో కూడా వెతకండి. మన దేశంలో రచయిత మరణించిన తర్వాతి ఏడాది నుంచి 60 సంవత్సరాలు గడిస్తే ఆ రచనపై హక్కులు ముగుస్తాయి. అలాంటి పాత రచనలను ఔత్సాహికులు శ్రద్ధగా టైపు చేసి, తప్పులు దిద్ది తెలుగు వికీసోర్సులో ఉంచుతున్నారు. చిన్న తెర మీద స్కాన్ పేజీల కన్నా అవి చదవడానికి సుఖంగా ఉంటాయి.

మీకున్నది నిద్రకు ముందు కొద్ది సమయం కనుక, మా ఓటు కథలకే. తనకు పురస్కారాల ద్వారా వచ్చిన డబ్బుతో కాళీపట్నం రామారావు గారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం నెలకొల్పారు. అచ్చయిన ప్రతి తెలుగు కథనూ ఒక్కచోట చేర్చాలన్నది ఆయన సంకల్పం. ఆ సంస్థ సైటులో రచయిత పేరుతో, కథ పేరుతో వెతికే వీలుంది, చాలా కథల స్కాన్ ప్రతులూ ఉన్నాయి. అవి చాలావరకు పాత వారపత్రికల పేజీలే కావడంతో, కథ పక్కన అప్పటి ప్రకటనలు కూడా కనిపిస్తాయి. వాటిని కూడా చదవకుండా మీరు ఉండలేరని మీ ఉత్తరమే చెబుతోంది.

సెలవు రోజు ఒక పూట కూర్చుని పది కథలు దింపుకుని, మిగిలిన రోజుల్లో చదివే వేళకు ఇంటర్నెట్ ఆపేయండి. దాన్ని ఆపకుండా చదవాలని చూస్తే వీడియోలదే పైచేయి అవుతుంది. ఇక ఆ నాలుగు పుస్తకాల సంగతి: వాటికి అట్టలు వేయించండి, పారేయకండి. ముప్ఫై ఏళ్ల వయసులో కొడుకు పక్షాన నిలబడి చదివిన నవలను యాభై ఏళ్ల వయసులో తండ్రి పక్షాన నిలబడి చదువుతాం. చదివినదే చదవడం గతిలేనితనం అని కొందరు అనుకుంటారు, మేము అనుకోం.

ప్రశ్న: పెళ్లయి వచ్చిన కొత్తలో మా అత్తవారింట పంచాంగం తప్ప వేరే పుస్తకం ఉండేది కాదు. అలమారలో పరిచిన పాత పేపర్లు, కిరాణా పొట్లాల కాగితాలు చదివేదాన్ని. సగం కథ ఉన్న కాగితం దొరికితే మిగతా సగం నేనే అల్లుకునేదాన్ని. ఇప్పుడు అన్నీ ప్లాస్టిక్ కవర్లే. నాలాంటివాళ్లకు ఆ ముచ్చటా లేకుండా పోయింది కదా?
– గృహిణి, విజయనగరం

జవాబు: అమ్మా, పొట్లం కాగితం పోవడం పాఠకులకు నష్టమే, పొట్టకు మాత్రం లాభం. అచ్చు సిరాలోని రసాయనాలు నూనె వస్తువుల్లోకి దిగుతాయి కాబట్టి బజ్జీలు, పకోడీలు వార్తాపత్రికల్లో కట్టవద్దని ఆహార భద్రతా సంస్థ 2016లోనే హెచ్చరించింది, 2023లో మరోసారి చెప్పింది. అలమార అరల్లోని కాగితాలకు ఆ ప్రమాదం లేదు. పండక్కి ఇల్లు దులిపేటప్పుడు అవి చదువుతూ కూర్చుంటే పని ఆలస్యమవుతుంది, అంతే.

పంచాంగాన్ని మీరు “తప్ప” అన్న మాటతో కొట్టిపారేయడం మాకు నచ్చలేదు. తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం అనే ఐదు అంగాల లెక్కను పక్కన పెట్టినా, మొదటి పేజీల్లోనే ఆ ఏటి నవనాయకుల కొలువు ఉంటుంది. రాజెవరు, మంత్రి ఎవరు, సేనాధిపతి ఎవరు, మేఘాధిపతి ఎవరు అని గ్రహాలకు పదవులు పంచిపెట్టి, ఒక పాపగ్రహం రాజై శుభగ్రహం మంత్రి అయితే ప్రజల గతి ఏమిటో వివరిస్తారు. ఈ ఏడు ఎన్ని కుంచాల వాన కురుస్తుందో, అందులో సముద్రం పాలు ఎంత, కొండల పాలు ఎంత, నేల పాలు ఎంత అని వాటాలు వేస్తారు. రాశివారీగా ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు చూసుకోని ఇల్లు ఉగాదినాడు ఉంటుందా? బల్లి ఎక్కడ పడితే ఏమవుతుందో చెప్పే పట్టిక కూడా అందులోనే. నమ్మకం ఉన్నవారు నమ్మకంతో, లేనివారు సాహిత్యంగా చదవవచ్చు. నిన్నటి ఏడాది పంచాంగాన్ని ఈ ఏడాది తీసి, చెప్పింది ఎంతవరకు జరిగిందో చూడటంలో వేరే ఆనందం ఉంది.

పంచాంగం తర్వాత ఇంట్లో ఉండవలసినది నిఘంటువు. ఎన్నిసార్లు తెరిచినా అయిపోని పుస్తకం అదొక్కటే. బహుజనపల్లి సీతారామాచార్యులు గారు 1885లో వెలువరించిన శబ్దరత్నాకరంలో మాటకు అర్థంతో పాటు కావ్యాల నుంచి ప్రయోగాలు కూడా ఉంటాయి. ఒక మాట కోసం తెరిస్తే ఒక పద్యపాదం దొరుకుతుంది, ఆ పాదం మరో మాట దగ్గరకు పంపుతుంది. సగం కథకు మిగతా సగం అల్లుకునే మీకు అది బాగా పనికివస్తుంది.

ప్రశ్న: మా అమ్మకు శస్త్రచికిత్స జరిగినప్పుడు ఆసుపత్రిలో రాత్రుళ్లు బయట బల్ల మీద కూర్చోవలసి వచ్చింది. ఫోను చార్జింగు అయిపోయింది, పుస్తకం తేలేదు, గోడ మీది బోర్డులన్నీ చదవడం అయిపోయింది. మనసు ఊరికే భయాల వైపు పోయేది. అలాంటప్పుడు ఏం చేయాలి?
– వరంగల్

జవాబు: మీ అమ్మగారు కోలుకున్నారని ఆశిస్తున్నాం. సంచీలో ఉన్న మందు అట్ట మొదట చేతికి వస్తుంది కాబట్టి దానితో మొదలుపెడదాం. మందు అసలు పేరు, కంపెనీ పెట్టిన పేరు కంటే పెద్ద అక్షరాల్లో ఉండాలన్న నియమం ఉంది. ఆ అసలు పేరును చదివి గుర్తుపెట్టుకుంటే మర్నాడు దుకాణంలో పనికివస్తుంది. నిలువుగా ఎర్ర గీత ఉంటే వైద్యుని చీటీ లేకుండా కొనకూడదని గుర్తు. అయితే లోపలి కాగితంలో దుష్ఫలితాల జాబితాను అర్ధరాత్రి చదవవద్దని మా మనవి. ఎంత అరుదైన బాధనైనా అందులో చేర్చక తప్పదు కాబట్టి, భయపడుతున్నవారికి అది తగిన పఠనం కాదు.

అక్షరం కనిపించని చోట మనకు మిగిలేది జ్ఞాపకంలో ఉన్న పాఠం. చిన్నప్పుడు బడిలో అప్పజెప్పిన పద్యాలను వరుసగా గుర్తు చేసుకోవడానికి కూర్చోండి. చాలావరకు ఒక పాదం దగ్గర ఆగిపోతారు. అక్కడే పద్యం నిర్మాణం ఆదుకుంటుంది. కందంలోనూ, ఉత్పలమాల, చంపకమాల వంటి వృత్తాల్లోనూ ప్రాస నియమం ఉంది కనుక నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకే హల్లుతో ఉంటుంది. మొదటి పాదం గుర్తుంటే మరిచిపోయిన పాదంలో రెండో అక్షరం ఏమిటో మీకు ముందే తెలుసు. యతి రెండో ఆనవాలు: ఉత్పలమాలలో పదో అక్షరం, చంపకమాలలో పదకొండోది, శార్దూలంలో పదమూడోది, మత్తేభంలో పద్నాలుగోది పాదం మొదటి అక్షరంతో మైత్రి కలిగి ఉండాలి. ఈ రెండు ఆధారాలు పట్టుకుని వెతుకుతుంటే పోయిందనుకున్న పాదం ఒక్కొక్క మాటగా తిరిగి వస్తుంది. సుమతి శతకంలోనివి కందాలు కాబట్టి ఈ పద్ధతికి లొంగుతాయి. వేమనవి ఎక్కువగా ఆటవెలదులు, వాటికి ప్రాస నియమం లేదు, అందుచేత కాస్త కష్టం. కాకపోతే నాలుగో పాదాన్ని వెతకనక్కర లేకుండా మకుటమే ఇచ్చేస్తుంది. మనసుకు భయపడే తీరిక దొరకనంత పని ఇందులో ఉంది.

పూర్వం దాశరథి కృష్ణమాచార్య గారిని నిజాం ప్రభుత్వం నిజామాబాద్ జైలులో పెట్టినప్పుడు, కాగితం లేక, పళ్లు తోముకునే బొగ్గుతో గోడ మీద పద్యాలు రాశారు. అక్కడే బందీగా ఉన్న వట్టికోట ఆళ్వారుస్వామి గారు బయట ఉన్నంతకాలం పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మినవారు. అలాంటివాళ్లను కూడా చదువుకు దూరం చేయాలని ఒక ప్రభుత్వం అనుకుంది. ఆసుపత్రి గోడ మీద మాత్రం మీరు రాయకండి, బిల్లులో కలుపుతారు.

ప్రశ్న: మా అమ్మాయి ఆరో తరగతి. సెలవుల్లో ఇంట్లో ఉన్నవన్నీ రెండు వారాల్లో చదివేసి, “అమ్మా, చదవడానికేమీ లేదు” అని నా ప్రాణం తీస్తోంది. కొనడానికి మా స్తోమతు చాలదు. ఊళ్లో శాఖా గ్రంథాలయం ఉంది గానీ ఎప్పుడు వెళ్లినా తాళమే కనిపిస్తుంది. ఏం చేయమంటారు?
– కడప జిల్లా

జవాబు: మీరు ఏ వేళకు వెళ్తున్నారో రాయలేదు. చాలా శాఖా గ్రంథాలయాలు ఉదయం కొంతసేపు, సాయంత్రం కొంతసేపు తెరిచి మధ్యాహ్నం మూసేస్తాయి. ఆదివారం తెరిచి, శుక్రవారం సెలవు తీసుకునే పద్ధతి కూడా ఉంది. ఇంటి పని ముగించుకుని మధ్యాహ్నం వెళ్లేవారికి తాళమే ఎదురవుతుంది. ఒకసారి సాయంత్రం వెళ్లి చూడండి. అప్పటికీ తెరవకపోతే, అడిగే హక్కు మీకుంది. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్ను రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కూడా వసూలవుతోంది. ఇది రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉంది. మీ ఇంటి పన్ను రసీదు తీసి చూడండి. ఆ రసీదు నకలు జతచేసి, వేళలు పాటించడం లేదని జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శికి ఉత్తరం రాయండి. కోపంగా రాయనక్కర లేదు, తేదీలు వేసి రాస్తే చాలు.

ఈ గ్రంథాలయాలు ప్రభుత్వం తనంత తాను పెట్టినవి కావు. 1914లో అయ్యంకి వెంకట రమణయ్య గారి వంటివారు బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరిపి, ఊరూరా పుస్తకం ఉండాలని ఉద్యమం నడిపారు. 1935లో పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లా పెదవడ్లపూడి దగ్గర కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపించారు. పడవ ప్రయాణం మెల్లగా సాగేది, జనానికి తీరిక ఉండేది, చేతిలో పుస్తకం ఉండేది కాదు. అందుకని పుస్తకాన్నే పడవ ఎక్కించారు. విచిత్రంగా అదే 1935లో ఇంగ్లండులో పెంగ్విన్ చౌక పుస్తకాలు మొదలయ్యాయి. ఎలెన్ లేన్ అనే ప్రచురణకర్తకు అంతకు ముందు ఏడాది ఎక్సెటర్ రైల్వే స్టేషనులో చదవదగిన పుస్తకమేదీ దొరకకపోవడంతో, సిగరెట్టు పెట్టె ధరకు మంచి పుస్తకం అమ్మాలన్న ఆలోచన కలిగిందని ఆ సంస్థ చెప్పుకుంటుంది. ఆయన ఆరు పెన్నీలకు అమ్మారు. మన నాగభూషణం గారు ఊరికే ఇచ్చారు. మా అభిమానం ఎటువైపో వేరే చెప్పాలా?

మీ అమ్మాయికి తక్షణ ఉపాయం ఒకటుంది. ఆమె తరగతిలో చదివే అలవాటున్న పిల్లలు ఇంకో నలుగురైనా ఉంటారు. ఒక్కొక్కరి ఇంట్లో పది పుస్తకాలున్నా, మార్చుకుంటే ఈ సెలవులు గడిచిపోతాయి. ఎవరి పుస్తకం ఎవరి దగ్గర ఉందో ఒక నోటుబుక్కులో రాసే పని మీ అమ్మాయికే అప్పజెప్పండి. చిరిగిన పేజీల గురించి తగవులు వస్తాయి, వాటిని తల్లులు తీర్చాలి. బడిలో కూడా గ్రంథాలయం పేరుతో ఒక బీరువా ఉంటుంది. సెలవులకు ముందే ప్రధానోపాధ్యాయులను అడిగి సంతకం పెట్టి ఐదారు పుస్తకాలు తెచ్చుకోవచ్చు. ఈ ఏటికి ఆ అవకాశం దాటిపోతే దసరా సెలవులకైనా గుర్తుంచుకోండి.

శాఖా గ్రంథాలయం తెరిచి ఉన్న రోజున అమ్మాయిని వెంట తీసుకుని వెళ్లి, కొద్దిపాటి ధరావతు కట్టి ఆమె పేరనే సభ్యత్వం తీసుకోండి. అక్కడ సలహాల పుస్తకం అడిగి, పిల్లల పుస్తకాల్లో తనకేం కావాలో ఆమె చేతే రాయించండి. కార్యదర్శికి రాసే ఉత్తరం మాత్రం మీరే రాయండి, జవాబు వస్తే మాకూ ఒక నకలు పంపండి.